చెరిపేసిన జబ్బు

"మన మందుల సైటులో జనం ఏ జబ్బు పేరు టైపు చేసినా, పంపకుండా చెరిపేసినా సరే, ఫోన్ నంబరుతో సహా పట్టెయ్," అన్నాడు మా నైరోబీ బాసు మురియుకి.

"చెరిపేశారంటే మనకి చెప్పడం ఇష్టం లేదనేగా బాసూ?"

"పాస్టరు వేషాలెయ్యకు. చేస్తే చెయ్, లేదా ఇంటికి పో."

చేశాను. సోమవారం మీటింగులో అందరూ టీలో మండాజీ బూరెలు ముంచుకుంటుండగా, అలా పట్టిన మాటల పట్టిక గోడ మీది తెరపై వెలిగింది. మొదటి వరుసలోనే బాసు నంబరు, పక్కన "పక్క తడపడం ఆపే మందు."

ఆఫీసంతా పగలబడి నవ్వింది.

"నేను రాయలేదు!" అని అరిచాడు బాసు.

"ఈ నిఘా ఉంచమంటావా, పీకెయ్యమంటావా?" అన్నాను.

"పీకెయ్!"

నిజమే, అది ఆయన నంబరుతో నేనే రాశాను. ఆయన స్వయంగా రాసి చెరిపేసుకున్నది దాని కిందే కనబడితే, మీటింగుకి ముందే తీసేశాను. అదేమిటో ఎవరడిగినా చెప్పను.