గడియార స్తంభం కింద గొడుగు

పాత నగరం పోస్టుకార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని లైబ్రేరియన్‌ది. రాత్రి పొద్దుపోయినా లేవబుద్ధి కాలేదు. నలుపు తెలుపు ఫోటోల మీద ఎప్పటివాడో ఒక చిత్రకారుడు సన్నటి కుంచెతో అద్దిన రంగులవి. వంతెన కింద నీలం నీళ్లు, మార్కెట్ గోపురం మీద సాయంత్రపు ఎరుపు. ఏం పనితనంరా బాబూ అనుకున్నాడు. మనుషులకు మాత్రం ఆ చిత్రకారుడు ఎప్పుడూ రంగు వేయలేదు.

గడియార స్తంభం కార్డు తీశాడు. దాన్ని కూల్చేసేనాటికి ఇతను పుట్టనే లేదు. స్తంభం కింద బూడిదరంగు జనం. మధ్యలో ఒకావిడ చేతిలో చిలకపచ్చ గొడుగు.

ఫోన్ మోగింది. అతన్ని ఇంటికి తీసుకెళ్లడానికి బయల్దేరిన అక్క.

"వానలో తడిసిపోతావక్కా, ఎక్కడున్నావు?"

"నువ్వు వెక్కిరించే చిలకపచ్చ గొడుగే కాపాడుతోందిలే. దారి తప్పానో ఏమో కానీ, ఇక్కడ ఎంత బాగుందిరా! పెద్ద గడియారం, బంగారు ముళ్లు. ఇన్నాళ్లూ మనం ఎందుకు చూడలేదు?"

"వచ్చిన దారినే వెనక్కి వచ్చెయ్యక్కా."

"ఉండరా. ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడరేం?"

ఫోన్‌లో వాన చప్పుడు కూడా లేదు. జారబోయిన కార్డును గట్టిగా పట్టుకున్నాడు. బొటనవేలు గొడుగు మీద పడింది. తీసి చూస్తే వేలికి పచ్చరంగు, తడితడిగా.

"ఒరేయ్, పైనుంచి ఎవరో గొడుగును నొక్కినట్టుందిరా."

నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కార్డును బల్ల మీద పెట్టాడు.

"మాట్లాడుతూనే ఉండక్కా," అన్నాడు.