సగం బిళ్ల

రేకు డబ్బా ఖాళీగా ఉంది. మూడేళ్ల మనవరాలు పక్కనే కూర్చుని దాని మూతతో నేలమీద టకటకా కొడుతోంది.

అద్దాల కొట్టాయనకు ముచ్చెమటలు పోశాయి. గుండెకు స్టెంటు వేయించుకున్నప్పటి నుంచీ కొలెస్ట్రాల్ బిళ్లను రోజూ అద్దం కోసినంత నున్నగా రెండు ముక్కలు చేసి, ఒకటి మింగేవాడు. రెండోది పారేయడానికి చేతులు రాక, మూతకున్న చీలికలోంచి ఆ డబ్బాలోకి జారవిడిచేవాడు. లోపలికి ఏనాడూ తొంగి చూడలేదు.

"బుజ్జీ! తెల్లవి తిన్నావా?"

పాప తలూపింది. ఏమడిగినా తలూపే వయసు.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాడు.

"ఎన్ని బిళ్లలుంటాయి?" అన్నాడు డాక్టర్.

"సగం ముక్కలండీ. రెండు నెలలవి."

"సగాలేంటి? నిండు బిళ్ల వేసుకోమన్నాను కదా!"

"మరీ పెద్ద డోసనిపించి... కొట్లో సరుకుకు ఎవరెంత ధర చెప్పినా సగానికి అడగడం అలవాటైపోయిందండీ."

"కొవ్వుతో బేరమేంటండీ? ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు అది ఎంత దిగితే రెండో పోటు అంత దూరం. అందుకేగా అంత డోసు ఇచ్చింది! సరే, ముందు పాపను తీసుకురండి. త్వరగా!"

పాపను భుజాన వేసుకుని గుమ్మం దాకా పరిగెత్తాడు. భార్య ఎదురొచ్చింది. కింద కొట్లోంచి మెట్లెక్కి వచ్చినట్టుంది, తలుపు పట్టుకుని ఆయాసపడుతోంది.

"అడ్డులే! పాప నా మందులు మింగేసింది!"

"దించండి దాన్ని. అది తినలేదు."

"నీకేం తెలుసు? డబ్బా ఖాళీ!"

"రోజూ ఖాళీయే. మీరు వేసి కిందికి దిగగానే నేను తీసేస్తున్నాను."

ఆయన పాపను దించి, గోడకు చేరగిలబడ్డాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"నా దొంగతనం నీకు ముందే తెలుసన్నమాట! పోనీలే, పారేసి మంచిపని చేశావు."

"పారేయలేదండీ," ఆమె తలుపు వదల్లేదు. రెండో చెయ్యి రొమ్ము మీద ఉంది. "మింగుతున్నాను. మీకు పోటొచ్చే ముందు మెట్ల మీద ఎలా ఉండేదని చెప్పారో, నాకు రెండు నెలలుగా అలాగే ఉంటోంది."