వాపు తగ్గాక

ముడతల ముఖంతో నలుగురిలోకి వెళ్తే జనం చెవులు కొరుక్కునే కాలమది. వకుళ కూడా ఆపరేషన్‌తో బుగ్గలు బిగింపజేసుకుని, కనురెప్పల మీద వేలాడే చర్మం కోయించుకుంది. మంచాన పడ్డ అక్క ఫోన్ చేసి రమ్మంటే, "వాపు తగ్గాక వస్తానక్కా" అంది.

వాపు తగ్గేసరికి అక్క పోయింది.

శవం చుట్టూ అమ్మమ్మలంతా పడుచుపిల్లల ముఖాలతో కూర్చున్నారు. వకుళ పొడి కళ్లు మండుతుంటే, అలవాటుగా చుక్కల మందు వేసుకుంది. అది బిగుసుకున్న బుగ్గల మీదుగా జారింది.

అక్క కూతురు హరిణి వచ్చి ఆమెను పొదివి పట్టుకుంది.

"ఏడవకు పిన్నీ. అమ్మకి సీరియస్ అయినప్పుడే నీకు ఫోన్ చేయబోయాను. 'వద్దే, ఏడిస్తే దాని కుట్లు విడిపోతాయి' అని ఆపేసింది."

వకుళ మందు సీసాను గుప్పిట్లో దాచేసి, కళ్లు మూసుకోబోయింది. కోయించుకున్న రెప్పలు పూర్తిగా మూతపడలేదు.