చదవలేని పేర్లు

"వైరస్ పోయిందక్కా. సదవడానికి రాని పేర్లున్న ఫైళ్ళన్నీ తుడిసేసేను," అన్నాడు ఒడిశాలోని సెమిలిగుడలో కంప్యూటర్లు బాగుచేసే ధనుంజయ.

హరిప్రియ తన లాప్‌టాప్ ముందుకు లాక్కుని చూసింది. "అవి ఫైళ్ళకి నేను తెలుగులో పెట్టిన పేర్లురా. మన పిల్లల బళ్ళో తెలుగు తీసెయ్యొద్దని రాసిన అర్జీ, రెండొందల ఇళ్ళోళ్ళ పేర్లూ అందులోనే ఉన్నాయి. గంటలో కోరాపుట్ బస్సెక్కి కలెక్టరుకియ్యాల. మళ్ళీ తేలేవా?"

"ఇంక రావక్కా. వైరస్ పెట్టిన పిచ్చి గీతలనుకున్నాను."

"నువ్వు తెలుగోడివి కాదేటి?"

"మాటాడ్డమే వచ్చు. నాను సేరేసరికే మా బళ్ళో తెలుగు తీసేసేరు."

తిట్టబోయిన హరిప్రియ ఆగి, బల్ల మీది తెల్లకాగితం లాక్కుని అర్జీ మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు రాసి అతని ముందుకు తోసింది.

"రెండొందల పేర్లు పోయేయి. నీ సంతకమొక్కటైనా పెట్టు."

ధనుంజయ తలొంచుకుని పెట్టాడు, ఒడియాలో.