ఎడమ ముందుకాలు

“కదలకే అమ్మా! కదిలితే ఎక్స్‌రే మసక మసకగ వస్తది. రేపు నా బతుకు గూడ గంతే!” యశస్విని కసిరింది.

కొండాపూర్‌లోని ఆ ఒంటిగదిలో ఎక్స్‌రే మిషనూ లేదు, కుక్కా లేదు. చాప మీద పక్కకు తిరిగి పడుకున్న తల్లి భాగ్యమ్మ ఉంది. తెల్లారితే యశస్వినికి వెటర్నరీ నర్సింగ్ కోర్సులో రేడియోగ్రఫీ ప్రాక్టికల్స్. ట్రైనింగ్ ఇచ్చే పెట్ హాస్పిటల్‌లో కస్టమర్ల కుక్కల మీద చెయ్యి వెయ్యనివ్వరు. వీధికుక్క పడుకోమంటే పడుకోదు. ఇక చెప్పినట్టు వినేది అమ్మ ఒక్కతే. లోకంలో అందరికన్నా అలుసు ఆమే కదా! పాసైతే ఆ హాస్పిటల్‌లోనే ఉద్యోగం. గచ్చిబౌలి ఆఫీసులో నేల తుడిచే పని అమ్మ మానెయ్యొచ్చు.

కుక్క మెడ కదలకుండా పెట్టే ఇసుక సంచికి బదులు చిన్న బియ్యం మూట తల్లి మెడ మీద ఆనించింది. చున్నీ చుట్టి ఒక్కో చెయ్యీ తల పైకి లాగింది. కుక్క ముందుకాళ్లు అలా చాపితేనే ఫొటోలో ఊపిరితిత్తులు తేటగా కనిపిస్తాయి.

కుడిచెయ్యి వచ్చింది. ఎడమచెయ్యి సగంలోనే ఆగి, పొట్టకు ముడుచుకుంది.

“ఏందే గిది? సక్కగ చాపు!”

“చాపుతున్న బిడ్డా... జర మెల్లగ గుంజు.”

“నువ్వు గిట్ల నాటకాలాడితే నేను ఫెయిలే ఇగ!”

ఆ మాటతో భాగ్యమ్మ పళ్లు బిగబట్టింది. యశస్విని బలంగా లాగింది. తల్లి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి గానీ చెయ్యి మాత్రం చాపే ఉంచింది.

“హా, గిట్ల! ఇంకోపాలి చేద్దాం.”

మర్నాడు పరీక్షలో బండలాంటి లాబ్రడార్‌ను యశస్విని ఇట్టే పడుకోబెట్టింది. ఫొటో అద్దంలా వచ్చింది. ఎగ్జామినర్ రామబ్రహ్మం గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“ఒక్క ప్రశ్నమ్మాయ్. కుక్క ఒక ముందుకాలు చాపనివ్వకుండా ముడుచుకుంటోందనుకో. ఏం చేస్తావు?”

“గుంజొద్దు సార్. నొప్పుంటేనే అట్ల ముడుచుకుంటది. ఎముక విరిగి ఉండొచ్చు. ముందుగాల ఆ కాలుకే ఎక్స్‌రే...”

చెబుతుండగానే అమ్మ చెయ్యి కళ్లముందు మెదిలింది. పొద్దున అమ్మ ఒంటిచేత్తో చాయ్ అందించింది. ఎడమచెయ్యి కొంగు చాటునే ఉంది.

“శభాష్! చెయ్యి బాగా తిరిగిందే,” ఆయన మార్కులు వేస్తూ నవ్వారు. “ఏ కుక్క మీద నేర్చుకున్నావమ్మా?”