చందా కట్టని పిల్ల

బడి విడిచే వేళకు మా వీధి తల్లులం వంతులవారీగా, వీధి కెమెరాలు చూపే వంటింటి తెరలో పిల్లలను కాపు కాస్తాం. ఈ కాపలా గ్రూపు మేమే, పైసా ఖర్చు లేకుండా కట్టుకున్నాం. ఈ నెల నుంచి దానికి చందా పెట్టారు. కట్టని ఇళ్ళ పిల్లలు తెర మీద ముఖం లేని మసకల్లా కనబడతారు.

ఈరోజు వంతు నాది. బెండకాయలు తరుగుతూ చూస్తున్నాను. మూత లేని మురుగుకాలువ మీదికి ఒక మసక వంగింది. కత్తిపీట పక్కకు నెట్టి మెట్లు దిగి పరుగెత్తాను. మస్తానమ్మ కూతురు జాను! రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను.

నేను ఇల్లు చేరేసరికే గ్రూపు పెద్ద వసుంధర తెరలో ఉంది.

"ఏంటి వదినా, ఊరికే కాపాడితే ఇంక చందా ఎవరు కడతారు?"

"పిల్ల పడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"చూడకపోతే సరి. అందుకేగా మసక చేసింది."

థూ! ఈ మనిషితోనా కలిసి గ్రూపు కట్టాను?

"నియమం తప్పావు, మరి నీ ఇష్టం," అంది.

వీధి మలుపులో బడిసంచితో వస్తున్న నా కూతురు తెర మీద మెల్లగా మసకబారింది. తెర ఆపేసి, పిల్లలంతా ఇళ్ళు చేరేదాకా కాలువ పక్కనే నిలబడ్డాను.