పదకొండో రౌండు

"తగల్లేదు," అన్నాడు టైలరు.

"తగిలింది," అన్నాడు మంచం మీది డ్రైవరు, కళ్ళు తెరవకుండానే.

మందుసీసాకు ఆనించిన ఫోనులో పాత హెవీవెయిట్ టైటిల్ పోటీ నడుస్తోంది. బొమ్మ మసక మసకగా ఉంది. మొహాలు తెలియవు, నిక్కర్ల రంగులు మాత్రం తెలుస్తాయి. పదకొండో రౌండులో నల్ల నిక్కరు కుడిచెయ్యి విసిరాడు. ఎర్ర నిక్కరు వెల్లకిలా పడ్డాడు. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు. సరిగ్గా అక్కడ టైలరు బొమ్మ ఆపేశాడు. ఎప్పుడూ అక్కడే ఆపుతాడు.

"గ్లవుకీ దవడకీ మధ్య ఎంత సందుందో చూడు. రౌండుకీ రౌండుకీ మధ్య మొహాన కొట్టిన నీళ్ళు ఆ మూల పడ్డాయి. ఎవడూ తుడవలేదు. వాడు కాలు జారి పడ్డాడంతే."

"నాకేం కనబడట్లేదు."

"కళ్ళు తెరిస్తే కదా కనబడేది!"

ఈ పోటీ గురించి బాక్సింగు పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. రౌండు గెలిచినవాడికి పది పాయింట్లు, ఓడినవాడికి తొమ్మిది, దెబ్బ తిని నేల కరిస్తే ఎనిమిది. ఆ రౌండులో అప్పటిదాకా పైచేయి ఎర్ర నిక్కరుదే. కాలు జారిందని రిఫరీ ఒక్క మాట అనుంటే టైటిలూ అతనిదే అయ్యేది. అనలేదు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒక్క పాయింటు తేడాతో నల్ల నిక్కరును గెలిపించారు. అతను ఇత్తడి బిళ్ళల బెల్టు పైకెత్తితే సగం హాలు చప్పట్లు కొట్టింది, సగం హాలు గేలి చేసింది.

వీళ్ళిద్దరి తగువూ అదే. ఎన్నేళ్ళయినా తెగదు. పేర్లెత్తరు. ఎర్ర నిక్కరు, నల్ల నిక్కరు, అంతే. టైలరు వారం వారం కొట్టు మూసుకుని, గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికొస్తాడు. చేతిలోని గుడ్డసంచీ కుర్చీ కింద పెడతాడు. అది ఖంగుమంటుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ పట్టుకుపోతాడు. ఒకప్పుడు మంచం చాలని మనిషి డ్రైవరు. ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టిన పట్టు వదలడు.

డ్రైవరు కూతురు టీ కలుపుతూ టైలరును వంటింట్లోకి పిలిచింది.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. డాక్టరు చేతులెత్తేశాడు. ఇవాళో రేపో అంటున్నాడు. ఈ ఒక్కపూటా నాన్నతో వాదించకు. నల్ల నిక్కరే గెలిచాడని అనెయ్యి. ఆ మాట నీ నోట విని పోవాలని ఆయన ఆశ."

"ఇంకేదైనా అడుగమ్మా. ఉన్న ఇల్లు రాసిమ్మన్నా రాసిస్తా. అది మాత్రం నా నోట రాదు."

"చచ్చిపోయే మనిషితో కూడా పంతమేనా?"

టైలరు తల దించుకున్నాడు తప్ప సరేననలేదు. ఇలాంటి మొండిఘటాన్ని ఏమనాలి? స్నేహితుడి ఊపిరి ఆగిపోతుంటే ఎవరో ఇద్దరు జడ్జీల లెక్క పట్టుకుని వేలాడుతున్నాడు. కూతురికి ఒళ్ళు మండింది. గ్లాసు అతని చేతిలో పెట్టి, మొహం తిప్పేసుకుంది.

టైలరు ఆ టీ తాగనే లేదు. గదిలోకొచ్చి కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఎర్ర నిక్కరు వాడి బతుకేమైందో తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు."

"ఆ ఒక్క పాయింటుతో బుగ్గయింది. మళ్ళీ పెద్ద పోటీకి ఎవడూ పిలవలేదు. ఊళ్ళు తిరిగి చిల్లర పోటీల్లో తన్నులు తిన్నాడు."

"తింటే తిన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డని పెంచుకున్నాడు." డ్రైవరు ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. "నల్ల నిక్కరు వాడో? గెలిచి కూడా మళ్ళీ రింగెక్కలేదు. బెల్టు నడుముకి పెట్టుకోలేదు. పెళ్ళి కూడా వద్దనుకున్నాడు. ఏది బుగ్గయిన బతుకు?"

టైలరు వంగి, కుర్చీ కింది సంచీని మంచం కిందికి తోశాడు.

"ఇది ఇవాళ ఇక్కడే ఉంటుంది."

"తీసుకుపో. నేనేం చేసుకుంటాను?"

"ప్రతిసారీ ఇదే మాట!" అంటూ టైలరు బావురుమన్నాడు. అంత మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. "ఒరేయ్, నువ్వు కూడా పోతే నేనెవర్ని అడగనురా? జడ్జీలు పోయారు, రిఫరీ పోయాడు. తగల్లేదని ఒక్కసారి చెప్పు. తిట్టి చెప్పు, ఉమ్మేసి చెప్పు. ఇంకెప్పుడూ అడగను."

ఆ ఏడుపుకి కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇంత వాదన వింటూ పెరిగిందే గానీ, ఆపిన ఆ బొమ్మను ఏనాడూ పట్టించుకుని చూడలేదు. ఇప్పుడు చూసింది. గ్లవుకీ దవడకీ మధ్య సందు ఉంది. అంత మసకలోనూ, అంత దూరానికీ తెలుస్తోంది.

డ్రైవరు ఆ రోజంతటిలో మొదటిసారి కళ్ళు తెరిచాడు. ఫోను వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దుప్పటిలోంచి చెయ్యి తీసి, తడుముకుంటూ టైలరు కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"చూశావుగా," అన్నాడు టైలరు. "ఇప్పుడు చెప్పు."

డ్రైవరు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నీ గుద్దు నాకు తగిలిందిరా."